యంత్రము చెప్పు మాట మనిషికి తెలియవలెను

(చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రామపంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చిన్నది. కాని దానిలో ఒక కుటుంబపు నెల గ్రాసము ఇమిడియున్నది. యంత్రములో పని జరుగనప్పుడు అది మనిషితో ఏమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను అనునదే ఆ విషయము.

యంత్రముల ద్వారా సేవలు మన ప్రాంతమునకు క్రొత్త కావు. 2011లో మీసేవ మొట్టమొదట చిత్తూరు జిల్లాలోనే ఆరంభమైనది. 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. చౌకధరల దుకాణములో ఈ-పాస్ యంత్రము నిత్యపరిచితమైనది. పూర్వము కరణముగారిని "ఏమి స్వామీ, ఎందుకు కాలేదు?" అని అడుగగలిగితిమి. యంత్రమును అడుగలేము, అది తెరపై చూపినదానితోనే సరిపెట్టుకొనవలెను.

చెరకు నరికి, బెల్లపు గానుగ కడ కూలి చేయు ఒక తల్లి బియ్యమునకు వచ్చినదనుకొందము. వ్రేలు పెట్టినది. తెరపై 300 అను అంకెయు, ఆంగ్లములో ఒక వాక్యమును కనబడినవి. "నీ వేలు పడలేదమ్మా, ఫెయిలని చూపిస్తా ఉండాది" అన్నాడు డీలరు. తన కార్డే కొట్టివేసినారని తలచి, ఆమె వట్టి సంచితో ఇంటికి మరలినది.

నిజమునకు 300 అనగా, పెట్టిన వ్రేలిముద్ర ఆధార్ దాఖలాలోని ముద్రతో కలియలేదని మాత్రమే అర్థము. కార్డు పోలేదు, హక్కు పోలేదు. కత్తిపిడి పట్టి, రాళ్లు మోసి, సున్నము కలిపిన చేతులలో ముద్రలు అరుగుట సహజము.

ఒక మాట, మూడు కారణములు

అదే యంత్రము 330 అని చూపిన యెడల కారణము వేరు. ఆ వ్యక్తి ఆధార్‌లో వ్రేలిముద్రల వాడుకకు తాళము వేయబడియున్నదని భావము. అప్పుడు వ్రేలు ఎన్ని పర్యాయములు ఒత్తినను ప్రయోజనము లేదు. ముందుగా తాళము తీయింపవలెను. మరియొకప్పుడు వ్రేలును సరియే, ఆధారును సరియే. సిగ్నలు మాత్రము అందదు. అప్పుడు కొంతసేపు ఆగుటయే మార్గము. కారణములు మూడు, ఉపాయములు మూడు. కాని మూడింటికిని జనులు వినునది "ఫెయిల్" అను ఒక్క మాటయే. పాఠశాలలో తప్పిన బాలునివలె మనిషి తలవంచుకొని పోవుచున్నాడు.

మంచి సూచన ఎట్లుండును?

అది మూడు సంగతులు చెప్పవలెను: ఏమి జరిగినది, ఏమి నష్టము కాలేదు, ఇప్పుడేమి చేయవలెను. 300కు బదులుగా ఇట్లు వ్రాసి చూడుడు: "మీ వేలిముద్ర కలవలేదు. మీ కార్డు భద్రముగా ఉన్నది. చేయి కడిగి, తుడుచుకొని, మరొక వేలు పెట్టండి." ఇందులో తెలియని మాట ఒక్కటియు లేదు, తప్పు మనిషిపై మోపుటయు లేదు.

అప్పటికిని కలియనిచో? ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న జారీ చేసిన ఉత్తరువులో, ముద్ర కలియని కారణమున అర్హుని వట్టి చేతులతో పంపరాదని చెప్పబడినది. కంటిపాపను చూపుట, మొబైలుకు వచ్చు ఓటీపీ చెప్పుట అను ఇతర మార్గములు కలవు. అవియు కుదరనిచో ఆధార్ కార్డు చూచి, పుస్తకములో నమోదు చేసి ఇయ్యవలెను. ఈ సంగతి తెర చెప్పకపోయినను మీకు తెలిసియుండవలెను.

పంచాయతీ చేయదగినది

సాఫ్ట్‌వేర్ వ్రాయువారు దూరపు పట్టణములలో ఉందురు. ఏ మాట మన గడపలో అర్థము కాలేదో మనము చెప్పనిదే వారికి తెలియదు. కావున డీలరును, సచివాలయపు డిజిటల్ అసిస్టెంటును కూర్చుండబెట్టి, తరచుగా వచ్చు సూచనలను అంకెలతో సహా ఒక పుస్తకములో వ్రాయించుడు. ఒక్కొక్కదానికి తేట తెలుగులో అర్థమును, ఉపాయమును వ్రాయించి, పెద్ద అక్షరములతో గోడకు అంటించుడు. చివర ఆధార్ సహాయ కేంద్రపు 1947 అను ఫోను నంబరు చేర్చుడు. అంటించుటకు ముందు, యంత్రమును ఎన్నడును ముట్టని ఒక అవ్వకు దానిని చదివి వినిపించి, "ఇప్పుడు నీవేమి చేస్తావు అవ్వా?" అని అడుగుడు. ఆమె సరిగా చెప్పినచో ఆ వ్రాత మంచిది. చెప్పలేనిచో దిద్దవలసినది వ్రాతనే.

ఆ పుస్తకపు ప్రతిని మండల అధికారులకు పంపుడు, గ్రామసభలో చదివించుడు. వచ్చే నెల ఆ కూలితల్లి తిరిగి వచ్చినప్పుడు, వ్రేలు పడకపోయినను, సంచి నిండి ఇంటికి పోవలెను. మీరు ఇందుకు పూనుకొందురని మేము నమ్ముచున్నాము.