మైకు ఎవరి వారసత్వం?

(బెల్లంపల్లిలో బస్తీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల టీవీ గురించి మాట్లాడుతామంటే మనవాళ్లే కొందరు నవ్వారు. కాంట్రాక్టు కార్మికుల జీతాల సంగతి ఉంది, ఇండ్ల పట్టాల సంగతి ఉంది, మూతబడ్డ బాయిల సంగతి ఉంది, ఈ టీవీ ముచ్చట ఎందుకు అని అడిగారు. అడగవలసిన మాటే. కానీ పొద్దుగూకితే మన ప్రతి ఇంట్లో, ప్రతి ఫోనులో ఎవరి గొంతు మోగుతున్నదో ఒక్కసారి చెవి పెట్టి వినండి. ఎవరు ప్రశ్న అడుగుతున్నారు, ఎవరు జవాబు చెబుతున్నారు, ఎవరు కింద కూర్చుని చప్పట్లు కొడుతున్నారు? ఈ మూడు కుర్చీల లెక్క తేలితే భూమి లెక్క, బాయి లెక్క కూడా అర్థమవుతుంది.

చాయ్ హోటళ్ల కాడ మన పోరగాండ్లు కొట్లాడుకుంటుంటే విన్నాం. "బాలకృష్ణకు టాలెంటు ఉన్నది, అందుకే షో నడుస్తున్నది" అని ఒకడు. "తండ్రి ముఖ్యమంత్రి కాకుంటే ఎవడు పిలుస్తుండె" అని ఇంకొకడు. ఇద్దరూ గొంతులు చించుకుంటారు, చాయ్ చల్లారిపోతుంది. మేమనేదేమిటంటే, ఇద్దరూ తప్పు ప్రశ్న మీద కొట్లాడుతున్నారు.

ముందు ఉన్నదున్నట్టు చూద్దాం. ఎన్.టి.రామారావు 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. బాలకృష్ణ 1974లోనే, ఇంకా పిల్లవాడిగా ఉన్నప్పుడే, తండ్రి దర్శకత్వం వహించిన 'తాతమ్మ కల'లో కెమెరా ముందుకు వచ్చాడు. తండ్రి గెలిచిన హిందూపురం నుంచే 2014లో ఎమ్మెల్యే అయ్యాడు, 2019లో, 2024లో మళ్లీ గెలిచాడు. 2021 నవంబరులో 'ఆహా'లో 'అన్‌స్టాపబుల్' కార్యక్రమానికి యాంకర్ అయ్యాడు. ఆయన అన్న హరికృష్ణ మంత్రిగా చేశాడు, రాజ్యసభకు పోయాడు. హరికృష్ణ కొడుకు జూనియర్ ఎన్టీఆర్ 2017లో 'బిగ్‌బాస్' మొదటి సీజన్ నడిపాడు, 2021లో జెమినీ టీవీలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' నడిపాడు. నిర్మాత రామానాయుడు 1999 నుంచి 2004 దాకా బాపట్ల ఎంపీ. ఆయన మనవడు రానా 2017లో 'నంబర్ వన్ యారీ' నడిపాడు. మోహన్‌బాబు 1995లో రాజ్యసభ సభ్యుడు అయ్యాడు. ఆయన బిడ్డ లక్ష్మి ఎన్నో షోలు నడిపింది.

వీళ్లకు టాలెంటు లేదని మేము అనం. జూనియర్ ఎన్టీఆర్ తెలుగు మాట్లాడితే మా బస్తీ ముసలవ్వ కూడా చేతిలో పని ఆపి వింటుంది. అబద్ధం చెప్పి ఉద్యమం నడపలేం. ఉన్న టాలెంటును ఉన్నదనే చెబుదాం. కానీ ఆ టాలెంటు ఎట్ల పెరిగిందో కూడా చెబుదాం.

ఇది బాయిల గడ్డ, కాబట్టి బాయి లెక్కలోనే చెబుతాం. సింగరేణిలో బదిలీ వర్కర్‌గా చేరినవాడు పర్మినెంటు కావాలంటే ఏడాదిలో అండర్‌గ్రౌండ్ అయితే 190 మస్టర్లు, సర్ఫేస్ అయితే 240 మస్టర్లు నిండాలి. మస్టర్ పడితేనే పని వస్తుంది, పని చేస్తేనే చెయ్యి తిరుగుతుంది. మొదటి రోజు చెమ్మస్ పట్టినవాడికి అరచేతులు పొక్కులు తేలుతాయి, ఆర్నెల్లకు అదే చెయ్యి తట్ట నింపుడు నేర్చుకుంటుంది. మైకు కూడా అంతే. కెమెరా ముందు మస్టర్లు పడితేనే మాట తిరుగుతుంది. జూనియర్ ఎన్టీఆర్ హీరోగా వచ్చిన మొదటి సినిమా 'నిన్ను చూడాలని' 2001లో ఆడలేదు. అదే ఏడు 'స్టూడెంట్ నెం.1' వచ్చింది, ఆడింది. ఒక మస్టర్ పోతే ఇంకో మస్టర్ సిద్ధంగా ఉంది. మన పిల్లకు మొదటి మస్టరే పడదు. ఒకవేళ పడి, ఆ రోజు మాట తడబడితే, "వీళ్లకు రాదు" అని కులం మొత్తానికి గేటు మూస్తారు. పెద్దింటి బిడ్డ తప్పు చేస్తే ఆ ఒక్కరి తప్పు. మన బిడ్డ తప్పు చేస్తే అది వాడ తప్పు. కాబట్టి అడగవలసింది టాలెంటు ఎవరికి ఉందని కాదు. మొదటి మస్టర్ ఎవరికి వేస్తున్నారు, ఎన్ని తప్పులు ఎవరికి మాఫీ చేస్తున్నారు? అది అడగాలి.

మాట తీరు సంగతి చూడండి. మంచు లక్ష్మి తెలుగు పలుకు మీద జనం ఎన్ని జోకులు వేసుకున్నారో మీకు తెలుసు. ఒక ఆడమనిషిని యాస మీద ఎగతాళి చేయడం మేము ఒప్పుకోం. అయినా ఆ ఎగతాళి ఆమె షోలను ఆపలేదు. మా బస్తీ చెల్లె ఒకామె హైదరాబాదులో ఒక చానల్‌కు ఇంటర్వ్యూకు పోయింది. డిగ్రీ చదివింది, బతుకమ్మ కాడ నిలబడితే నూరు మందిని కదిలించే గొంతు. "నీ భాష మార్చుకొని రా" అని పంపించారు. ఒకరికి యాస నవ్వులాట అయింది, ఇంకొకరికి యాస తాళం అయింది.

ఇంకో సంగతి. మైకు ఎవరి చేతిలో ఉంటే ప్రశ్న వాళ్లది. 2022 అక్టోబరులో 'అన్‌స్టాపబుల్' రెండో సీజన్ మొదటి భాగానికి అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు, ఆయన కొడుకు లోకేశ్ వచ్చారు. యాంకర్‌కు ఒకరు బావ, ఒకరు అల్లుడు. రామారావును గద్దె దింపిన 1995 ఆగస్టు సంగతి కూడా ఆ సోఫాల మీదనే మాట్లాడుకున్నారు. ఒక రాష్ట్రం చరిత్ర ఒక ఇంటి ముచ్చట అయిపోయింది. చూసినవాళ్లు నవ్వారు, కండ్లనీళ్లు పెట్టుకున్నారు.

మనకు ఇంకో తారీఖు యాది ఉంది. 1985 జూలై 17. కారంచేడు. ఆరుగురు మాదిగలను నరికి చంపారు. అప్పుడు ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు. రామానాయుడు పుట్టిన ఊరు కూడా అదే కారంచేడు. మేము కొడుకుల మీద, మనవళ్ల మీద నేరం మోపడం లేదు. తండ్రుల కాలపు సంగతికి పిల్లలను బోనులో నిలబెట్టడం మన న్యాయం కాదు. మేమనేది ఒక్కటే. ఆ సోఫా మీద 1995 గురించి ప్రశ్న పుడుతుంది, 1985 గురించి పుట్టదు. ఎందుకంటే ఆ ప్రశ్న అడగవలసిన మనిషి స్టూడియో గేటు బయటనే ఉన్నాడు. లోపలికి పోతే చప్పట్లు కొట్టే కుర్చీలోకే పోతున్నాడు.

లేదంటే ఏడ్చే కుర్చీలోకి. 2016లో 'మేము సైతం' అనే కార్యక్రమం వచ్చింది. సినిమావాళ్లు ఒకరోజు కూలిపని చేసి, వచ్చిన డబ్బు కష్టంలో ఉన్న కుటుంబానికి ఇచ్చేవారు. సాయం అందినవాళ్లకు అందింది, దాన్ని మేము తక్కువ చేయం. కానీ ఆలోచించండి. వాళ్లు ఒక్కరోజు కూలి చేస్తే అది టీవీలో వచ్చే గొప్ప పని. మనం పుట్టిన కాడినుంచి కూలి చేస్తే అది మన తలరాత. కూలి వేషం వేయడానికి వాళ్లకు దారి ఉంది. యాంకర్ కుర్చీలో కూర్చోవడానికి కూలోనికి దారి లేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుదాం. అవతలివాళ్లను అడిగి మనల్ని మనం అడగకపోతే అది ఉద్యమం కాదు.

2012లో మొదలైన వి6 చానల్ తెలంగాణ మాటను వార్తల్లోకి తెచ్చింది. 'తీన్మార్' వార్తల్లో చేవెళ్ల రవి బిత్తిరి సత్తిగా వచ్చి మన తీరుగ మాట్లాడితే రాష్ట్రమంతా విన్నది. పెద్ద తండ్రి పేరు లేనివాళ్లకు మస్టర్ పడితే ఏమవుతుందో అక్కడ రుజువయింది. ఆ చానల్ గడ్డం వివేక్ కుటుంబానిది. కాకా వెంకటస్వామి దళితుడిగా పుట్టి పైకి వచ్చిన నాయకుడు, పెద్దపల్లి నుంచి లోక్‌సభకు గెలిచినవాడు. ఆయన కొడుకు వినోద్ 2023లో మన బెల్లంపల్లి ఎమ్మెల్యే అయ్యాడు. ఇంకో కొడుకు వివేక్ అప్పుడే చెన్నూరు ఎమ్మెల్యే అయ్యాడు, 2025లో మంత్రి అయ్యాడు. మనవడు వంశీకృష్ణ 2024లో పెద్దపల్లి ఎంపీ అయ్యాడు. ఇవి మూడూ ఎస్సీ రిజర్వుడు సీట్లే. దళితుని చేతికి చానల్ రావడం మనకు గర్వమే. కానీ మూడు రిజర్వుడు సీట్లు ఒక్క ఇంటికి పోతే, రిజర్వేషన్ వాడకు వచ్చినట్టా, ఒక గడపకు వచ్చినట్టా? ఇదే బెల్లంపల్లి నుంచి 2009లో గెలిచిన గుండా మల్లేష్‌కు తండ్రి పేరు పెట్టుబడి కాలేదు. అంతకుముందు ఆసిఫాబాద్ నుంచి మూడుసార్లు గెలిచింది కూడా జెండా పట్టుకొనే. నందమూరి ఇంటిని అడిగిన ప్రశ్ననే మన ఇంటినీ అడుగుతాం. అడిగితే కులద్రోహం కాదు.

"మరి మీరు బాయిలో వారసత్వ ఉద్యోగాలు అడగలేదా?" అని ఎవరైనా అనవచ్చు. అడిగాం. ఈ ప్రశ్నకు తలదించుకోం, జవాబు చెబుతాం. 2016 చివర వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించారు. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు చెప్పే సమానత్వానికి విరుద్ధమన్నది. ఆ తీర్పులో ఒక నిజం ఉంది. తండ్రి బాయిలో లేని దళిత నిరుద్యోగికి కూడా ఆ కొలువు మీద హక్కు ఉంది. దాన్ని మనం కాదనలేం. తర్వాత కారుణ్య నియామకాల పేరుతో, చనిపోయినవాళ్ల, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు దారి దొరికింది. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము నింపుకొని, నడుము విరిగి ఇంటికి వచ్చిన తండ్రికి బదులు కొడుకు అడిగేది గద్దె కాదు, తండ్రి పోగొట్టుకున్న ఆరోగ్యానికి పరిహారం. అయినా ఆ కొడుకు కోర్టు మెట్లు ఎక్కి, మెడికల్ బోర్డు ముందు నిలబడి, కాయితం కాయితానికి జవాబు చెప్పాలి. స్టూడియోలో వారసుడిని ఏ బోర్డూ పరీక్ష చేయదు. మన వారసత్వానికి చట్టం అడ్డం వస్తుంది, వాళ్ల వారసత్వానికి టాలెంటు అని పేరు వస్తుంది.

ప్రైవేటు చానల్‌కు 16వ అధికరణం వర్తించదు, అక్కడ రిజర్వేషన్ లేదు. కానీ గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రభుత్వ ప్రకటనల డబ్బు మన పన్నుల డబ్బు. ప్రజల ఆస్తి మీద, ప్రజల సొమ్ము మీద నడిచేవాళ్లను "మీ గేటులోకి ఎవరిని రానిస్తున్నారు?" అని అడిగే హక్కు ప్రజలకు ఉంటుంది.

1920 జనవరిలో బాబాసాహెబ్ తన మొదటి పత్రికకు 'మూక్‌నాయక్' అని పేరు పెట్టాడు. అంటే మూగవాళ్ల నాయకుడు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. వాళ్లు ఎవరి స్టూడియో గేటు కాడా నిలబడలేదు. తమ మస్టర్ తామే వేసుకున్నారు.

మేము మూడు పనులు మీ ముందు పెడుతున్నాం. ఒకటి: ఇక నుంచి మన ప్రతి సభలో, పెండ్లిలో, అంబేద్కర్ జయంతిలో మైకు నడిపేది వాడ పిల్లలే కావాలి, అందులో సగం ఆడపిల్లలు కావాలి. తడబడితే నవ్వొద్దు, మళ్లీ మైకు ఇవ్వండి. రెండు: డిసెంబర్ 23 సింగరేణి దినోత్సవం నాడు ప్రతి ఏరియాలో వేదికను నడిపేవాళ్లను కార్మికుల పిల్లల్లోంచి, కాంట్రాక్టు కార్మికుల పిల్లలను కూడా కలిపి, అందరి ముందు పోటీ పెట్టి ఎన్నుకోవాలని యూనియన్ల ద్వారా వినతిపత్రం ఇద్దాం. మూడు: చానళ్లు యాంకర్ కొలువులకు ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి తీసుకోవాలని లేఖలు రాద్దాం. వి6కు కూడా రాద్దాం. ముందు దానికే రాద్దాం, ఎందుకంటే అది మనవాళ్లది.

ఇయ్యాల ఈ సభను నడిపింది పదో తరగతి చదివే చెల్లె. మొదట్లో గొంతు వణికింది, రెండుసార్లు పేర్లు తప్పు చదివింది. మూడోసారికి నిలబడ్డది. ఆమెకు ఒక మస్టర్ పడ్డది. మిగిలిన మస్టర్లు వేయవలసింది మనమే.

జై భీమ్!