సంఘం పాడే పాట



ఏంబలం పుదుచ్చేరి ప్రాంతంలోని తమిళ గ్రామం. ఇక్కడ నిలిచి తెలుగు క్రైస్తవ కీర్తనలను గురించి ప్రసంగించడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని, ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం గోదావరి తీరాన తెలుగు పలుకుతున్నది. అదిగాక, పాట ఏనాడూ భాషల పొలిమేరల వద్ద ఆగిపోలేదు.

త్యాగరాజస్వామి (1767–1847) తమిళదేశాన, కావేరీతీరపు తిరువైయారులో నివసించి తెలుగులో కీర్తనలు రచించారు. ఆ కాలంలోనే, సమీపాన తంజావూరులో, మరాఠా ప్రభువైన రెండవ శరభోజి ఆస్థానంలో ఆదరణ పొందిన వేదనాయక శాస్త్రి (1774–1864) తమిళంలో క్రైస్తవ కీర్తనలు వెలయించారు. ఉత్తరాన, పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో క్రీస్తును కీర్తించారు. ఎవరి భాష ఏదైనా, రాగతాళాలు అందరికీ ఉమ్మడి ఆస్తి అయినవి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే, పాటకు పైన రాగం, తాళం పేర్లు కనబడతాయి. క్రింద పల్లవి, చరణాలు. ఈ అమరికలో గొప్ప సౌలభ్యం ఉన్నది. నాయకుడు చరణం పాడగా సంఘమంతా పల్లవి అందుకుంటుంది. అక్షరం రానివారు సైతం రెండు వారాలు వింటే పల్లవి పాడగలరు. కొంతకాలానికి కీర్తన యావత్తూ వారికి కంఠస్థమవుతుంది. భజనగోష్ఠిలోనూ, ఖవ్వాలీలోనూ నాయకుని గొంతును పదిమంది గొంతులు అందుకోవడం మనం ఎరిగినదే.

కతోలిక దేవాలయాలలో శతాబ్దాల తరబడి పూజ లాటిన్ భాషలో సాగింది. 1963లో రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో ప్రజల భాషకు చోటిచ్చింది. ఆయా జాతుల సంగీత సంప్రదాయాలను గౌరవించుమన్నది. ప్రజలు మౌనప్రేక్షకులుగా ఉండరాదని బోధించింది.

అయితే, నేడు మరొక రకమైన మౌనం మన మందిరాలలో ప్రవేశిస్తున్నది. గాయకబృందం వారమంతా శ్రమించి సాధన చేస్తుంది. కీబోర్డు, డ్రమ్ములు, మైకులు సిద్ధమవుతాయి. పాట చక్కగానే ఉంటుంది. కాని, వెనుక వరుసలో కూర్చున్న అవ్వకు ఆ శ్రుతి అందదు. ఎన్నో కీర్తనలు నోటికి వచ్చిన ఆమె పెదవులు కదపక ఊరకుంటుంది. సంగీత పరిచర్య అంటే ఆమె చేత పాడించడం కాదా?

ఇందులో మరొక నష్టమున్నది. మనం చేతబట్టే కీర్తనల ప్రతులలో సాధారణంగా రాగతాళాల పేర్లే గాని స్వరలిపి ఉండదు. వరుస నిలిచేది పెద్దల గొంతులలోనే. ఆ గొంతు మూగవోతే, పుస్తకం ఉన్నా పాట ఉండదు.

కావున, యువగాయకులారా, మీకు నా విన్నపం. శ్రుతిని పదిమందికి అందేటట్లు దించండి. చివరి పల్లవికి వాద్యాలను ఆపి, సంఘం గొంతును సంఘానికే వినిపించండి. వారానికి ఒక్క కీర్తననైనా పెద్దల వద్ద కూర్చుండి నేర్చుకొనండి. వారి గానాన్ని ధ్వనిముద్రణ చేసి భద్రపరచండి. తమిళ సోదరుల కీర్తన ఒకటి మీరు నేర్చి, మీ కీర్తన ఒకటి వారికి నేర్పండి.

వచ్చే ఆదివారం ఆ అవ్వ పల్లవి అందుకున్ననాడు, మీ సాధన ఫలించినట్లే.