టిప్పు దయ, జీతం హక్కు
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది. ఆ గీటురాయి మీద ఇంకొక వర్గం వారి సంగతి కూడా గీసి చూద్దామని నా మనవి. వారు అమెరికా హోటళ్లలోని సర్వర్లు.

మనలో చాలామంది పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి వచ్చినవారే. రెండేళ్ల క్రితం టెక్సాస్‌లో మా అబ్బాయి హోటలు బిల్లు మీద ఇరవై శాతం టిప్పు వ్రాస్తుంటే, "ఏమిరా, వీళ్లకు జీతాలివ్వరా?" అని అడిగాను. "ఇస్తారు నాన్నా, గంటకు రెండు డాలర్ల పదమూడు సెంట్లు" అన్నాడు. నమ్మబుద్ధి కాక చట్టం తెప్పించుకొని చదివాను. నిజమే!

ఆ దేశంలో కనీస వేతన చట్టం 1938లో వచ్చింది. 1966 సవరణతో హోటలు పనివారికీ వర్తించింది గాని, టిప్పులో కొంత భాగాన్ని జీతం కింద జమ కట్టుకొనే వీలు కూడా యజమానికి అప్పుడే దొరికింది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. అందులో యజమాని చేతి నుంచి ఇవ్వవలసినది 2.13 మాత్రమే. మిగతా 5.12 మీరూ నేనూ ఇచ్చే టిప్పు.

ఆ 2.13 డాలర్లు 1991 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. ఒక్క డి.ఎ. బకాయి పడితే మనం ధర్నాకు కూర్చుంటాము. ముప్పై ఏళ్లు దాటినా డి.ఎ. ఎరుగని ఉద్యోగిని తలచుకోండి!

టిప్పు చాలకపోతే లోటు యజమాని పూడ్చాలని చట్టంలో ఉన్నది. కాని అడగవలసినది సర్వరే. అడిగితే రద్దీ వేళల పని పోతుందేమోనని భయం. ఇక తాగి వచ్చినవాడు నోరు జారినా నవ్వి ఊరుకోవాలి. ఆ రోజు జీతం వాడి జేబులోనే ఉన్నది గదా!

రద్దీ హోటళ్లలో టిప్పులే బాగా వస్తాయని ఈ పద్ధతిని కోరే సర్వర్లు ఉన్నారు. కాదనను. అయితే కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి ఏడు రాష్ట్రాలలో కనీస వేతనం పూర్తిగా యజమానే ఇవ్వాలి. టిప్పు ఆపైన. అక్కడా హోటళ్లు నడుస్తూనే ఉన్నాయి.

మన దేశంలో టిప్పు జీతంలో భాగం కాదని 1976లోనే సుప్రీంకోర్టు ఒక హోటలు కార్మికుల కేసులో చెప్పింది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో గాని, 2025 నవంబరు నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లో గాని టిప్పును మినహాయించుకొనే వీలు లేదు. చట్టం మంచిదే. అమలు ఎట్లా ఉంటుందో ఫైళ్లు మోసిన మనకు వేరే చెప్పాలా?

కనుక సోంపు పళ్లెంలో పదో ఇరవయ్యో తప్పక ఉంచండి. కాని దానితో అతని జీతం ముట్టిందనుకోకండి. మన పెన్షను భిక్ష కాదన్న మనమే, పక్కవాడి జీతం భిక్షగా మారుతుంటే ఊరుకోరాదు.