పసుపు కేసు నేర్పిన పాఠం
(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వరి కోతల్లో కొడవలి తగిలి వేలు తెగితే మనం ఏం చేస్తాం? గట్టు మీది గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండుతాం. ఇంటి దగ్గరైతే పసుపు అద్దుతాం. కాలు బెణికి వాస్తే పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తాం. ఇదంతా మన అమ్మమ్మలు, నాయనమ్మలు నేర్పింది.

ఈ ఇంటి వైద్యం మీదే 1995 మార్చిలో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. గాయం మానడానికి పసుపు వాడే పద్ధతిపై 5,401,504 నంబరు పేటెంటు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి దక్కింది. పండించేది మనం, వాడేది మనం, హక్కు మాత్రం వాళ్లది!

మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1996లో దీన్ని సవాలు చేసింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలతో సహా 32 ఆధారాలు చూపింది. వాటిలో 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం కూడా ఉంది. 1997లో అమెరికా పేటెంటు కార్యాలయం ఆ హక్కు చెల్లదని తేల్చింది.

మంచిదే. కానీ మనం ఎందుకు గెలిచామో గమనించాలి. కోట్లాది మంది పసుపు వాడుతున్నారన్న మాటతో గెలవలేదు. వేరే దేశంలో జనం వాడుకను అప్పటి అమెరికా చట్టం లెక్కలోకి తీసుకోదు. అచ్చులో ఉన్న ఆధారమే కావాలి. అది ఉంది కాబట్టి గెలిచాం.

మరి గడ్డిచామంతి సంగతేమిటి? అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన గట్ల మీద పాతుకున్న మొక్క. చరకుడి గ్రంథంలో, సుశ్రుతుడి గ్రంథంలో వెతికినా దొరకదు. మన దగ్గర దాని వాడకం తెలిసింది కోతకెళ్లిన ఆడవాళ్లకు, పశువుల కాపరులకు. ఆ తెలివికి పుస్తకం లేదు. చెప్పేవాళ్లు పోతే దాంతోపాటే పోతుంది.

కొందరు మిత్రులు, పరీక్షలంటేనే దోపిడీ అంటారు. మేము ఆ మాట ఒప్పుకోం. పరీక్ష జరగాలి. ప్రయోగశాలలో ఎలుక వీపు మీద చిన్న గాయం చేసి, మందు రాసినదానికీ రాయనిదానికీ గాయం ఎన్ని రోజుల్లో పూడిందో కొలుస్తారు. పాదానికి వాపు తెప్పించి, ఎంత తగ్గిందో చూస్తారు. అక్కడ ఫలితం వచ్చినంత మాత్రాన మనిషికి మందు అయిపోదు. ఎంత మోతాదు, ఏ గాయానికి, ఎవరికి పడదు అన్నవి మనుషుల మీద జాగ్రత్తగా చూసి తేల్చాలి. మన నమ్మకం తప్పని తేలినా ఒప్పుకుందాం. అది మన పిల్లల ఒంటికి సంబంధించిన విషయం.

అందాకా ఒక మాట మరవొద్దు. ఏ ఆకు పెట్టినా ధనుర్వాతం ఇంజెక్షన్ మానొద్దు. షుగర్ ఉన్నవాళ్లు కాలి పుండుకు ఇంటి వైద్యంతో రోజులు గడపొద్దు.

మా అభ్యంతరం పరీక్ష మీద కాదు, మన పేరు లేని పరీక్ష మీద. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, వాటి వాడకం ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయాలి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే దేశీయ సంస్థలకు లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే పుస్తకంలో ఉన్నదానికి వాటా అడగలేం. నోటిమాటగా ఉన్నది మనదేనని చూపాలంటే ఆ రిజిస్టరే దిక్కు.

అందుకే సంఘం తరఫున కోరుతున్నాం. వచ్చే గ్రామసభలో మీ ఊరి రిజిస్టరు ఏదని అడగండి. ఉంటే చదివించండి. లేకుంటే కమిటీ వేయించండి. ఊళ్లోని పెద్ద ముత్తవ్వలను, గొర్రెల కాపరులను కూర్చోబెట్టి చెప్పించండి. ఏ మొక్క, ఏ భాగం, ఎలా వాడతారో, చెప్పింది ఎవరో రాయించండి. బయటివాళ్లు మొక్క అడగడానికి వస్తే కమిటీకి చెప్పకుండా ఇవ్వకండి.

పొలానికి పాసుపుస్తకం కోసం ఎన్నిసార్లు తిరిగామో మనకు తెలుసు. మన తెలివికి కూడా అలాంటి కాగితం ఒకటి కావాలి. దాన్ని రాసుకోవాల్సింది మనమే.