సిరోంచకు ఒక శీతకాలపు ప్రయాణం



మార్గశిరం వస్తున్నది. ఈ సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని సిరోంచకు వెళ్ళిరండని మనవి చేస్తున్నాను.

సిరోంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న తాలూకా కేంద్రం. వార్ధా, వైన్‌గంగల కలయికతో ఏర్పడిన ప్రాణహిత ఈ పట్టణానికి చేరువలోనే గోదావరిలో కలుస్తున్నది. ఆవలి గట్టున కాళేశ్వరం. అక్కడి ఆలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు వెలసి ఉన్నవి. పూర్వం ఏరు దాటడానికి పడవలే ఆధారం; 2016లో వంతెన ప్రారంభమైనది. వానలు వెనుకబడి ఏటినీరు తేటపడే ఈ కాలమే ప్రయాణానికి అనువైనది. సమీపంలోని వడధామ్‌లో డైనోసార్ల శిలాజాలను, రాయిగా మారిన వృక్షాలను చూడవచ్చును.

అయితే అన్నిటికంటె ముఖ్యముగా వినవలసినది అక్కడి మాట. ఇంట తెలుగు, బడిలోను కచేరీలోను మరాఠీ, అడవి పల్లెలలో గోండి. మన పిల్లల స్థితియు ఇట్టిదే కదా! బడి నేర్పని భాషను అక్కడ ఇల్లు, అంగడి, పెండ్లిపందిరి నిలుపుకొన్నవి. ఆ పని మనమూ చేయగలము.

ఆలాపల్లి అడవి దారిని పగటివేళనే దాటండి. నీటిలో దిగేముందు లోతెంతో స్థానికులను విచారించండి. ఆ మాట మీ పిల్లల చేతనే, తెలుగులోనే అడిగించండి.