మెదడు ఇచ్చే మొదటి ఆజ్ఞ: కిస్‌పెప్టిన్

పెనుబల్లి మండలంలోని లంకాసాగర్ వంటి జలాశయాల్లో పెరిగే బొచ్చె, శీలావతి చేపలు సాధారణంగా నిల్వనీటిలో గుడ్లు పెట్టవు. అందుకే హేచరీలో సాయంత్రం వేళ తల్లిచేప రెక్క మొదట్లో హార్మోన్ సూది వేస్తే, తెల్లవారేలోగా గుడ్లు విడుదలవుతాయి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేపల పీయూష గ్రంథి రసంతో సాధించిన విజయమే ఈ పద్ధతికి పునాది.

పీయూష గ్రంథి తనంతట తాను పనిచేయదు. దానికి మెదడులోని హైపోథాలమస్ అనే భాగం ఆజ్ఞ ఇస్తుంది. మనుషుల్లో ఆ భాగాన్ని మేల్కొలిపే హార్మోన్ కిస్‌పెప్టిన్. దీని జన్యువు 1996లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకకుండా అడ్డుకునేదిగా బయటపడింది. 2003లో ప్యారిస్, బోస్టన్ పరిశోధకులు వేర్వేరుగా మరో సంగతి కనుగొన్నారు: కిస్‌పెప్టిన్ సంకేతాన్ని పట్టుకునే గ్రాహకం, అంటే కణం మీది ఒక ప్రోటీన్, లోపించినవారిలో యౌవనం దానంతట అది మొదలుకాదు. క్యాన్సర్ పరిశోధనలో దొరికిన జన్యువే సంతానోత్పత్తికి మూలమని తేలడం నిజంగా విశేషం.

లండన్‌లో ఐవీఎఫ్, అంటే శరీరం బయట అండాన్ని ఫలదీకరించే చికిత్స, పొందే స్త్రీలకు ఈ హార్మోన్ ఇచ్చి చూడగా అండాలు పక్వమయ్యాయి, బిడ్డలు పుట్టారు. ఆ చికిత్సలో అండాశయాలు ప్రమాదకరంగా ఉబ్బే ముప్పున్నవారికి ఇది సురక్షితమైన మార్గం కాగలదని ఆశ. క్యాన్సర్ విషయం అంత సూటిగా లేదు. కొన్ని కణితులను అడ్డుకునే కిస్‌పెప్టినే, కొన్ని రొమ్ము, కాలేయ క్యాన్సర్లలో వ్యాధి ముదిరినచోట ఎక్కువగా కనిపించింది. కనుక శ్రోతలు గుర్తుంచుకోవలసింది ఇది: సంతాన చికిత్సలో కిస్‌పెప్టిన్ ఇంకా పరీక్షల దశలోనే ఉంది, క్యాన్సర్‌కు మాత్రం అది మందు కాదు.