గల్ఫ్ పైసలు ఊళ్ళో ఎన్ని రోజులు ఆగుతున్నయి?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



వలస పోయినోళ్ళు పంపే పైసలతోని మన ప్రాంతం ఎంత ఎదిగిందో మాట్లాడమని మాకు చెప్పిండ్రు. మన జగిత్యాల జిల్లాలో ఈ ముచ్చట తెలియని ఊరు లేదు. చేతులెత్తమంటే ఈ హాలులో ఎంతో మందికి దుబాయ్‌లోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఒకరు ఉంటరు. అందుకని తెలిసిన కష్టాలు మళ్ళీ చెప్పం. లెక్క వేసి చూద్దాం.

ముందు పెద్ద లెక్క. 2023-24లో విదేశాల్లో ఉన్నవాళ్ళు మన దేశానికి పంపింది సుమారు 11,870 కోట్ల డాలర్లు అని రిజర్వు బ్యాంకు లెక్క. ప్రపంచంలో ఏ దేశానికీ ఇంత రాదు. అందులో తెలంగాణకు వచ్చేది 8 శాతం పైన. ఒక్కొక్క దేశంగా చూస్తే ఎక్కువ వచ్చేది అమెరికా నుంచి, వందకు 28 దాకా. గల్ఫ్ ఆరు దేశాలు కలిపితే 38 దాకా. ఏసీ గదుల కూసున్న సాఫ్ట్‌వేరు పిల్లలు పంపేది, మనోళ్ళు ఎండల ఇనుము వంచి పంపేది ఒకే కుప్పల పోసి కొలుస్తరన్నమాట.

దేశానికి దీంతోని ఏం లాభం? చమురు, బంగారం మనం బయట నుంచి కొనాలె, దానికి డాలర్లు కావాలె. మన దేశం అమ్మే సరుకు కన్నా కొనే సరుకు ఎక్కువ. ఆ ఏడాది ఆ లోటుతోని పోల్చి చూస్తే ఈ పైసలు దాదాపు సగం అయితయి. 1990లో ఇరాక్ కువైట్ మీద దండెత్తినప్పుడు లక్షా 70 వేల మంది దాకా మనోళ్ళను విమానాల్లో తీసుకొచ్చిండ్రు. అక్కడి పైసలు ఆగినయి, చమురు ధర పెరిగింది. 1991లో దేశం బంగారం కుదువ పెట్టుకున్నది. అదొక్కటే కారణం కాదు గానీ అదీ ఒక కారణమే. ఇంట్లో పుస్తెలు కుదువ పెట్టినప్పుడు మన మనసు ఎట్లుంటదో అందరికీ ఎరుకే.

ఇగ మన లెక్క. మా సంఘంలో పన్నెండు మందిమి. ఐదుగురి ఇండ్లల్ల గల్ఫ్ ఉన్నది. వారం మీటింగులో పొదుపు కట్టినంక కూసొని అడుగుకున్నం: అక్కడి నుంచి వచ్చిన రూపాయి మన ఊళ్ళో ఎంత సేపు ఆగింది, ఎటు పోయింది?

ఐదుగురూ మొదలు చెప్పింది ఒక్కటే మాట: వీసా అప్పు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవలసింది 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 రూపాయలు. అది సర్కారు పెట్టిన హద్దు. మరి మనోళ్ళు కట్టేది? లక్ష, లక్షన్నర. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి లక్షన్నర తెస్తే నెలకు 4,500. రెండేండ్లకు మిత్తే లక్షా ఎనిమిది వేలు. అసలు అట్లనే ఉన్నది. అదే అప్పు రూపాయి మిత్తికి దొరికితే రెండేండ్లకు 36 వేలు. తేడా 72 వేలు. అంటే దగ్గర దగ్గర ఒక పాడిబర్రె, ఎవరి కొట్టంల కట్టవలసిన బర్రె ఎవరి కొట్టంలకు పోయింది చూడండి. పెద్ద లెక్కలో వచ్చిన డాలర్లు కనబడతయి, ఈ మిత్తి కనబడదు.

అప్పు తీరినంక ఇల్లు. ఇల్లు కడితే ఊరికి పని దొరుకుతది, మేస్త్రీకి, ట్రాక్టరాయనకు, సిమెంటు దుకాణానికి నాలుగు పైసలు వస్తయి. కాదనం. కానీ టైల్స్ గుజరాత్‌వి, ఇనుము ఇంకెక్కడిదో. పని చేసేటోళ్ళల్ల, నాట్లు వేసేటోళ్ళల్ల బీహార్ నుంచి వచ్చినోళ్ళు కూడా ఉంటున్నరు. మనోడు దుబాయ్‌లో బంగ్లా కట్టి మనకు పంపుతడు, బీహార్ పిల్లగాడు మన ఇల్లు కట్టి వాళ్ళమ్మకు పంపుతడు. ఆమె కూడా మనలాగే ఫోను కోసం చూస్తది. ఇండ్ల తప్పు లేదు. కానీ స్లాబు పడ్డ తెల్లారి నుంచి ఆ రూపాయి మన ఊళ్ళో లేదు.

భూమి కొన్నా అంతే. చేతులు మారుతది, ధర పెరుగుతది, పంట ఒక్క బస్తా పెరగదు. కౌలుకు చేసుకునే ఆమెకు మాత్రం కౌలు పెరుగుతది. బంగారం సంగతి మేము గట్టిగా అనం, ఆపదల అక్కరకొచ్చేది అదే. అయితే డాలర్లు వచ్చి తులాలై మళ్ళీ బయటి దేశానికే పోతున్నయి.

నిజంగా ఎదిగింది ఎక్కడంటే పిల్లల చదువుల్ల. పది పాసు కానోళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటది, గల్ఫ్ పోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలె. ఆ ముద్ర ఉన్న తండ్రుల పిల్లలు ఇయ్యాల డిగ్రీలు, పాలిటెక్నిక్‌లు చదువుతున్నరు.

ఇంకొకటి. వెయ్యి దిర్హమ్‌లు పంపితే 2011లో 12 వేల రూపాయల చిల్లర వచ్చేది. 2024లో 23 వేల దాకా వచ్చింది. ఎక్కువ సంపాదిస్తున్నమని అనుకుంటం. ఆయన పంపింది అప్పుడూ ఇప్పుడూ అదే వెయ్యి, తగ్గింది రూపాయి విలువ. ఇక్కడ పప్పు, నూనె ధరలు 2011లో ఉన్నట్టే ఉన్నయా?

మా ఐదుగురిలో ఒకామె వేరే తీరుగ చేసింది. అప్పు తీరినంక వచ్చిన పైసలకు సంఘం లోను కలిపి పిండి గిర్నీ పెట్టింది. పసుపు, కారం కూడా పడతది. బీడీలు చుట్టే ఇద్దరికి సగం పూట పని దొరికింది. ఊరి పసుపు కొమ్ము కొమ్ముగా అమ్ముడుపోకుండ కొంతైనా పొడి అయి పోతున్నది. ఆమె పెనిమిటి వీసా మళ్ళీ రెన్యువల్ చేసుకోలే, ఇంటికొచ్చిండు. ఆమె ఒక్క మాట చెప్పింది, దానికి అందరం ఊకున్నం: "పైసలు నా ఖాతాలో పడ్డయి కాబట్టి చేసిన. మామ ఖాతాలో పడితే పొలం కొంటుండె." మిగతా నలుగురిలో ముగ్గురికి ఖాతా వాళ్ళ పేరు మీద లేదు. పొలం పని, పిల్లల ఫీజు, అత్త మందులు, బ్యాంకు లైను అన్నీ వీళ్ళవే. పాసుబుక్కు మాత్రం వేరే వాళ్ళ బీరువాల.

అందుకని మా గ్రామ సంఘం ఒక తీర్మానం తెచ్చింది. వీసా అప్పు ఉన్న సభ్యురాలికి రూపాయి మిత్తికి లోను ఇయ్యాలె. షరతులు మూడు. ఏజెంటు లైసెన్సు నంబరు ముందు సంఘానికి చూపాలె. అక్కడి నుంచి వచ్చే పైసలు ఆమె పేరున ఉన్న ఖాతాకు రావాలె. ఈ అప్పు తీరిన నెల నుంచి అదే కిస్తీ ఆమె పొదుపుల జమ కావాలె, రేపు ఇక్కడ ఏదన్న పని పెట్టుకునే లోనుకు అది ఆధారం అయితది. రెండో షరతు మీద కొన్ని ఇండ్లల్ల లొల్లి అయితదని మాకు తెలుసు, అయినా తీసేయలేదు.

ఇది ఎజెండాలో నాలుగో అంశం. చేతులెత్తే ముందు అడగవలసినవన్నీ అడగండి.